పెద్దల మాట: “రాసిచ్చేశాను, ఇక నాదేముందమ్మా?”

ముప్పై ఏళ్ళకు పైగా రెవెన్యూలో పనిచేశాను. చివరి ఆరేళ్ళు ఆర్డీవో ఆఫీసులో తల్లిదండ్రుల పోషణ కేసుల ఫైళ్ళన్నీ నా సీటు మీదుగానే వెళ్ళేవి. గుడ్డ సంచిలో రేషన్ కార్డు, పాసు పుస్తకం పాలిథిన్ కవరులో చుట్టుకుని వచ్చి, బల్ల ముందు నిలబడి, “రాసిచ్చేశాను, ఇక నాదేముందమ్మా?” అని అడిగినవాళ్ళు ఎంతమందో. ఈ నెల మీ ఉత్తరాల్లో కూడా ఎక్కువగా అదే ప్రశ్న ఉంది. అందుకే మొదటి ఉత్తరానికి కాస్త ఎక్కువ చోటు తీసుకుంటున్నాను.

*

ప్రశ్న: నా వయసు 68. మావారు పోయి ఏడేళ్ళయింది. 2021లో మా డాబా ఇల్లు అబ్బాయి పేరున దాన సెటిల్‌మెంటు రాసిచ్చాను. బ్యాంకు లోనుకు కావాలన్నాడు. ఏడాది బాగానే చూశారు. ఇప్పుడు మేడ మీద రేకుల గదిలో ఉంచారు, కింద బాత్రూమ్‌కు తాళం వేస్తారు. బీపీ మాత్రలు కూతురు పంపిస్తోంది. అడిగితే “ఇల్లు నాది, ఇష్టముంటే ఉండు” అంటున్నాడు. రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్తే, ఇద్దరూ వచ్చి సంతకాలు పెడితేనే రద్దు చేస్తామన్నారు. దస్తావేజు జెరాక్స్ పంపుతున్నాను. నాకేమైనా దారి ఉందా?
– తెనాలి దగ్గరి పల్లె నుంచి ఒక సోదరి

జవాబు: అమ్మా, దారి ఉంది. మీరు పంపిన జెరాక్స్ మూడుసార్లు చదివాను. మొదటి పేజీలో అందరి దస్తావేజుల్లోనూ ఉండే మాటలే: “నీయందు గల ప్రేమాభిమానములచే” అని. రెండో పేజీ చివర, షెడ్యూలుకు కొంచెం పైన, ఆఫీసు ముద్ర పడి సగం చెరిగిపోయిన చోట ఒక వాక్యం ఉంది: “నా జీవితాంతము నన్ను అన్నవస్త్రములకు, వైద్యమునకు లోటు లేకుండా పోషించవలెననే షరతుపై.” ఇది మీకెవరూ చదివి వినిపించి ఉండరు. డాక్యుమెంట్ రైటర్ అలవాటు కొద్దీ రాశాడో, మీ మీద జాలితో రాశాడో తెలియదు గానీ, మీ ఇల్లు మీ చేతికి తిరిగి రావడానికి ఇంతకు మించిన ఆధారం అక్కర్లేదు.

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టమని 2007లో వచ్చింది. అందులో 23వ సెక్షన్ చెప్పేది ఇది: 60 ఏళ్ళు దాటినవాళ్ళు, తమకు కనీస అవసరాలు చూడాలన్న షరతుతో దానంగా గానీ మరో రకంగా గానీ ఆస్తి రాసిస్తే, పుచ్చుకున్నవాళ్ళు ఆ షరతు నిలబెట్టుకోకపోతే, ఆ రాత మోసంతోనో బలవంతంతోనో రాయించుకున్నట్టే లెక్క. మీరు కోరితే ట్రిబ్యునల్ దాన్ని చెల్లదని ప్రకటించవచ్చు. ఆ ట్రిబ్యునల్ ఎక్కడో లేదు. మీ డివిజన్ ఆర్డీవోగారే దానికి అధికారి. చట్టం అమల్లోకి వచ్చాక రాసిచ్చిన ఆస్తికి ఇది వర్తిస్తుంది. మీది 2021 నాటిది, ఆ ఇబ్బంది లేదు.

రిజిస్ట్రారు ఆఫీసులో మీకు చెప్పింది తప్పు కాదు. రిజిస్టరైన దాన పత్రాన్ని ఒక్కరే వెళ్ళి రద్దు చేయించుకోవడం కుదరదు. కానీ ఆ ఒక్క మాట చెప్పి పంపేయడం నాకు చాలా కష్టమనిపించింది. “ఇక్కడ కాదమ్మా, ఆర్డీవో దగ్గరికి వెళ్ళు” అని ఇంకో మాట కలిపి ఉంటే మీకింత టెన్షన్ ఉండేది కాదు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. ముందు ఆ దస్తావేజు సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. జెరాక్స్‌లో ముద్ర కింద అక్షరాలు పోయాయి కదా, కాపీలో స్పష్టంగా ఉంటే మంచిది. మీ ఆధార్, మాత్రల చీటీలు, అమ్మాయి మందులకు పంపిన డబ్బు వివరాలు జతచేయండి. బాత్రూమ్ తాళం ఫోటో ఎవరిచేతనైనా తీయించండి. అర్జీలో ముందు పోషణ ఖర్చు అడగండి, దాని వెంటనే సెటిల్‌మెంటు రద్దు అడగండి, ఆ తర్వాత ఇంటి స్వాధీనం కూడా అడగండి. చాలామంది మొదటిది అడిగి మిగతావి మరిచిపోతారు. అర్జీ ఇచ్చాక నంబరు వేసిన రసీదు తీసుకోకుండా ఆ కిటికీ దగ్గరి నుంచి కదలొద్దు.

మీ కోడలు “ఇది నా కాపురం ఉన్న ఇల్లు” అని ఎదురు చెప్పవచ్చు. గృహహింస చట్టం కింద ఆమెకూ నివాస హక్కు ఉంటుందని, రెండు చట్టాలనూ కలిపి చూడాలని సుప్రీంకోర్టు 2020లో ఒక బెంగళూరు కేసులో చెప్పింది. అందుకని అర్జీలో ఆమె మీద కోపం గుమ్మరించకండి. షరతు ఏమిటి, అది ఎలా తప్పారు, అంతవరకే రాయండి.

ఇదే సంచికకు రాసిన మరో నలుగురి దస్తావేజుల్లో షరతు వాక్యం లేదు. వాళ్ళకు కూడా ఇక్కడే చెబుతున్నాను. షరతు ఉందని చూపించలేకపోతే 23వ సెక్షన్ కింద రద్దు చేయలేమని సుప్రీంకోర్టు 2022 డిసెంబరు 6న తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత 2025 జనవరి 2న, మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో, ఈ చట్టాన్ని పెద్దల మేలు చూసేలా విశాలంగా అన్వయించాలని చెప్పి, దానపత్రం రద్దును సమర్థించి ఇల్లు ఆమెకు ఇప్పించింది. ఆ కేసులో దానపత్రంతో పాటు, తల్లిని చూసుకుంటానని కొడుకు రాసిచ్చిన విడి కాగితం ఒకటి ఉంది. కాబట్టి మీ ఇంట్లో బీరువా వెతకండి. అదే రోజుల్లో రాసిన ఒప్పందం కాగితం గానీ, పెద్దమనుషుల ముందు రాసుకున్న ముచ్చలికా (హామీ పత్రం) గానీ, “నిన్ను నేనే చూసుకుంటా” అని ఫోన్‌లో పెట్టిన మెసేజీ గానీ దొరికితే అర్జీకి జతచేయండి. అదీ లేకపోయినా పోషణ ఖర్చు అడిగే హక్కు మాత్రం ఎటూ పోదు.

*

ప్రశ్న: నాకు 74, మా ఇంటామెకు 69. ముగ్గురు కొడుకులు, ఒక బిడ్డ. భూమి ముగ్గురికీ పంచిచ్చిన. పెద్దమనుషుల్ల పెట్టి వంతులేసిండ్రు. నేను పెద్దోళ్ళిద్దర్ల నెలకొకని దగ్గర, ఆమె పట్నంల చిన్నోని దగ్గర, వాళ్ళ పిల్లలను చూసుకుంట. మేమిద్దరం కలిసి ఉండక రెండేండ్లయింది. 31 రోజులున్న నెలల ఆ ఒక్క రోజు బువ్వ ఎవరు పెట్టాలె అని పంచాయితి. పైసలడిగితే “నీకు పింఛను వస్తలేదా” అంటరు. పాత పెంకుటిల్లు ఇంకా నా పేరు మీదనే ఉన్నది. కేసు పెడితే ఇజ్జత్ పోతదని భయం.
– జగిత్యాల జిల్లా నుంచి ఒక రైతు

జవాబు: పెద్దన్నా, 31వ తారీఖు గురించి మీరు రాసిన దగ్గర ఆగిపోయాను. ఆ ఉత్తరం పక్కన పెట్టి ఇంకో పని చేయబుద్ధి కాలేదు.

ఇద్దరూ కలిసి ఒకే అర్జీ పెట్టండి. “మా పెంకుటింట్లో మేమిద్దరం కలిసి ఉంటాం, మాకు నెలకు ఇంత కావాలి” అని సూటిగా రాయండి. మిమ్మల్ని విడదీసి ఒకరిని అక్కడా ఒకరిని ఇక్కడా ఉంచాలని ఏ చట్టమూ చెప్పదు. పెద్దమనుషులు వేసిన వంతులకు మీరు కట్టుబడి ఉండనక్కర్లేదు. పోషణ అంటే తిండి, బట్ట, ఉండడానికి చోటు, వైద్యం అని చట్టంలోనే రాసి ఉంది. ఆ నాలుగింటికీ అయ్యే ఖర్చు లెక్క వేయండి. బియ్యం, కూరగాయలు, గ్యాసు, కరెంటు, మందులు, ఇంటి కప్పు మరమ్మతు, అన్నీ. ఊరికే “పోషణ ఇప్పించగలరు” అని రాస్తే ఎంత ఇప్పించాలో అధికారికి ఎలా తెలుస్తుంది?

అర్జీలో ముగ్గురు కొడుకుల పేర్లతో పాటు కూతురి పేరు కూడా పెట్టవచ్చు. చట్టం దృష్టిలో కొడుకు, కూతురు, మేజరైన మనవడు, మనవరాలు అందరూ పిల్లలే. బిడ్డ మీద కేసు ఏమిటని బాధపడకండి. ఆమెకు భూమి ఇవ్వలేదన్న సంగతి కూడా అందులోనే రాయండి. ఎవరెంత ఇవ్వాలో నిర్ణయించేటప్పుడు అది చూస్తారు.

పింఛను సంగతి. చేయూత కింద వచ్చే 2,016 రూపాయలతో ఇద్దరు మనుషులు నెలంతా బతకగలరా? సొంత రాబడితో బతకలేనివాళ్ళు పోషణ అడగవచ్చన్నదే చట్టం. పింఛను వస్తోందన్న ఒక్క మాటతో కొడుకుల బాధ్యత తీరిపోదు.

అర్జీ మీరున్న డివిజన్‌లో ఇవ్వవచ్చు. చిన్నబ్బాయి హైదరాబాదులో ఉన్నాడని అక్కడికి తిరగనక్కర్లేదు. లాయరు ఫీజు లేదు. లాయర్లు లేకుండా విచారణ సాగాలన్నదే చట్టం రాసినవాళ్ళ ఉద్దేశం. కావాలంటే జిల్లాలో వయోవృద్ధుల సంక్షేమం చూసే అధికారి మీ తరఫున మాట్లాడతారు. నోటీసు అందిన నాటి నుంచి 90 రోజుల్లో తేల్చాలి, మరీ తప్పని పరిస్థితుల్లో ఇంకో 30 రోజులు. ఈలోగా తిండికి ఇబ్బందైతే మధ్యంతర భృతి ఇప్పించమని మొదటి రోజే అడగండి. నా అనుభవంలో ఆలస్యమంతా నోటీసు అందించే దగ్గరే జరిగేది. తలుపు తాళం, చిరునామా తప్పు, ఊళ్ళో లేరు అని తిరిగొచ్చేవి. అందుకని ముగ్గురి ఇంటి అడ్రసు, పనిచేసే చోటి అడ్రసు, ఫోన్ నంబర్లు అన్నీ ఇవ్వండి.

ఆర్డరు వచ్చాక డబ్బు కట్టకపోతే, గడువు తేదీ నుంచి మూడు నెలల్లోపు మళ్ళీ ట్రిబ్యునల్‌కు చెప్పాలి. అప్పుడు వారంటు వేసి వసూలు చేస్తారు. అప్పటికీ కట్టనివాణ్ణి నెల రోజుల వరకు జైలుకు పంపే అధికారం కూడా ఉంది. ఆర్డరు మీకు అన్యాయంగా ఉందనిపిస్తే 60 రోజుల్లో కలెక్టరు దగ్గర అప్పీలు చేసుకోవచ్చు. నెలకు 10,000 రూపాయలకు మించకూడదన్న పరిమితి చట్టంలో ఉంది. 2007 నాటి ఆ పదివేలు ఇవాళ మందుల దుకాణంలోనే అయిపోతాయి. దాన్ని తీసేయాలని 2019లో పార్లమెంటులో బిల్లు పెట్టారు గానీ చట్టం కాలేదు. నాకది చాలా బాధ కలిగించిన విషయం. అంతకన్నా ఎక్కువ అవసరమైనవాళ్ళు మెజిస్ట్రేటు కోర్టులో, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 125వ సెక్షన్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద వేసుకోవచ్చు. అక్కడ ఈ పరిమితి లేదు. అయితే రెండింటిలో ఏదో ఒకటే ఎంచుకోవాలి.

ఇక ఇజ్జత్ మాట. నేను సర్వీసులో ఉండగా మీ వయసాయనే ఒకరు వచ్చారు. అర్జీ రాయించుకున్నారు, వేలిముద్ర వేశారు. నేను నంబరు వేయబోతుంటే “ఒక్క నిమిషం బిడ్డా” అని కాగితం వెనక్కి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు. కొడుకు టీచరట, స్కూలుకు నోటీసు వెళ్తే పిల్లల ముందు తల దించుకోవాలట. బొటనవేలికి ఇంకా సిరా ఉంది. దాన్ని పంచెకు తుడుచుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. ఆ రోజు నేను ఆయన్ని ఆపి, ముందు రాజీ మాటలకు పిలిపించే పద్ధతి ఉందని చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. మీకు చెబుతున్నాను. అర్జీ తీసుకున్నాక దాన్ని రాజీ అధికారికి అప్పగించవచ్చు. ఆయన పిల్లల్ని పిలిపించి, కూర్చోబెట్టి మాట్లాడి, నెలలో రిపోర్టు ఇవ్వాలి. ఒప్పుకుంటే అదే ఆర్డరవుతుంది. గొడవ బజారున పడాలనేమీ లేదు. పెద్దన్నా, 31వ తారీఖు బువ్వ పంచాయితీ మీ వాడలో అందరికీ తెలిసే ఉంటుంది. దానికి మీరు తల దించుకోవాల్సిన పని లేదు.

*

ప్రశ్న: నేను డల్లాస్‌లో ఉంటాను. అమ్మ కరీంనగర్‌లో అన్నయ్య దగ్గర ఉంది. ఫోన్‌లో ఏడుస్తుంది, ఏమిటంటే చెప్పదు. నేను ఇక్కడి నుంచి ఏమైనా చేయగలనా? – ఒక కూతురు

జవాబు: చేయగలవమ్మా. 14567 అని ఎల్డర్‌లైన్ ఉంది. ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు, వారమంతా పనిచేస్తుంది, డబ్బులు పడవు. తెలుగులోనే మాట్లాడతారు. విదేశం నుంచి ఆ నంబరు కలవకపోతే అక్కడున్న స్నేహితుల చేత చేయించు. అమ్మ తానుగా అర్జీ పెట్టలేని స్థితిలో ఉంటే ఆమె అధికారమిచ్చిన మనిషి గానీ సంస్థ గానీ పెట్టవచ్చు. ట్రిబ్యునల్ తనంత తానుగా కూడా కేసు తీసుకోవచ్చు. కొట్టడం, గదిలో పెట్టి తాళం వేయడం లాంటివి జరుగుతుంటే ఇవేవీ చూడకుండా 112కు ఫోన్ చేయించు.

ఇంకొక్క మాట. నువ్వూ పిల్లల లెక్కలోకే వస్తావు. విదేశంలో ఉన్న భారత పౌరులకు కూడా ఈ చట్టం వర్తిస్తుంది. అన్నయ్య మీద అర్జీ పెట్టేలోపు, అమ్మ పేరు మీద విడిగా ఒక బ్యాంకు ఖాతా ఉందా, దాని ఏటీఎం కార్డు ఎవరి జేబులో ఉంది, కనుక్కో. ఫోన్‌లో ఏడ్చే చాలామంది తల్లుల కష్టం అక్కడే మొదలవుతుంది.

*

ప్రశ్న: అబ్బాయి వ్యాపారానికని ఇల్లు రాసివ్వమంటున్నాడు. మంచివాడే. రాసివ్వనా, వీలునామా రాయనా? – రాజమహేంద్రవరం నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి

జవాబు: వీలునామా రాయండి. మంచివాడైతే ఆగుతాడు. వీలునామా మీరున్నంత కాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. స్టాంపు డ్యూటీ లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ చేయిస్తే తర్వాత తగాదాలు తగ్గుతాయి. మీరు సంతకం పెట్టడం చూసిన ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. ఆస్తి పొందేవాళ్ళను సాక్షులుగా పెట్టకండి. మీ స్వార్జితానికీ, ఉమ్మడి ఆస్తిలో మీ వాటాకీ మాత్రమే వీలునామా చెల్లుతుంది, మీ భార్య పేరున ఉన్నదానికి కాదు. ఎవరికీ తెలియకూడదనుకుంటే సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాచుకునే వీలు కూడా ఉంది.

రాసివ్వక తప్పదంటే సెటిల్‌మెంటులో రెండు మాటలు ఉండాల్సిందే: మీరూ మీ భార్యా జీవితాంతం ఆ ఇంట్లో ఉండి అనుభవించే హక్కు, మిమ్మల్ని పోషించాలన్న షరతు. డాక్యుమెంట్ రైటర్ ఇచ్చిన డ్రాఫ్టు ఇంటికి తెచ్చుకుని, రాత్రి తీరిగ్గా పైకి చదవండి. మొదటి ఉత్తరంలోని అమ్మకు ఆ అవకాశం ఎవరూ ఇవ్వలేదు.

*

ప్రశ్న: భార్య లేదు, పిల్లల్లేరు, తోబుట్టువులు అందరూ పోయారు. అన్న కొడుకు నా ఇంట్లోనే ఉంటూ నన్ను పట్టించుకోడు. పిల్లలు లేనివాళ్ళకు ఈ చట్టం ఉంటుందా? – 77 ఏళ్ళ పాఠకుడు, అనంతపురం

జవాబు: ఉంటుంది బాబాయిగారూ. మీ ఆస్తి అనుభవిస్తున్న, లేదా మీ తర్వాత ఆ ఆస్తి రావాల్సిన వారసుడు మిమ్మల్ని చూడాలి. మీ అన్నగారి అబ్బాయి ఆ లెక్కలోకి వస్తాడు. అర్జీలో “ఈ ఇంట్లోనే ఉంటున్నాడు” అన్న మాట తప్పకుండా రాయండి.

*

ప్రశ్న: కోర్టుకు వెళ్ళాల్సి వస్తే లాయరు ఫీజు ఎక్కడి నుంచి తేవాలి? – వితంతువు, నల్గొండ

జవాబు: మీ జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. ఆడవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా లాయరును ఉచితంగా ఇస్తారు. మగవాళ్ళలో ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు లాంటి కొన్ని వర్గాలకు కూడా ఆదాయం చూడరు, మిగతావాళ్ళకు ఆదాయ పరిమితి ఉంటుంది.

*

ప్రశ్న: నాకు 71. గుండె ఆపరేషన్ అంటున్నారు. మాకు తెల్ల రేషన్ కార్డు లేదు. – గుంటూరు

జవాబు: 70 దాటినవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం చేయించే ఆయుష్మాన్ వయ వందన కార్డును కేంద్రం 2024 అక్టోబరు 29న ప్రారంభించింది. ఆధార్ ఉంటే చాలు. ఇంట్లో 70 దాటినవాళ్ళు ఇద్దరుంటే ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపి. మీరు చేరబోయే ఆసుపత్రిలో ఆయుష్మాన్ డెస్క్ దగ్గరికి వెళ్ళి, ఈ కార్డు మీద ఈ ఆపరేషన్ చేస్తారా అని అడ్వాన్సు కట్టకముందే అడగండి. కట్టాక ఆ డబ్బు వెనక్కి రాబట్టడం చాలా కష్టం.

*

ఉత్తరాలు రాసేవాళ్ళకు ఒక మనవి. దస్తావేజు జెరాక్స్ పంపేటప్పుడు మొదటి పేజీ ఒక్కటే పంపకండి, అన్ని పేజీలూ పంపండి. నేను వెతికే వాక్యం చాలాసార్లు చివరి పేజీలోనే దొరుకుతుంది. ఆధార్ నంబరు మీద మాత్రం పెన్నుతో గట్టిగా కొట్టేసి పంపండి.